పొందూరు నూలులో ఐదు ముడులు

నాకప్పుడు తొమ్మిదేళ్లు.
పొందూరులో మా అరుగు మీద కూచుని
వాలుగ చేప దవడతో
గింజను అంటిపెట్టుకున్న పత్తిని ఏకేదాన్ని.
గుండుసూది మొనలంత పళ్లు దానికి.
గట్టిగా లాగితే పోగు తెగుతుంది,
మెల్లగా లాగితే నలక పోదు.
అసిరమ్మత్త చేతి మీద కొట్టి నేర్పింది.

సాయంత్రం రైలు దిగే పేపరు
తంతి, అచ్చు, ప్రయాణం అన్నీ కలిసి
ఐదు రోజులు పాతబడి
కామేశం పంతులు చంకలో వచ్చేది.
రాట్నాలు ఆపకుండానే వినేవాళ్లు.

"కార్కు అని ఒక ఊరు" అన్నాడాయన.
"సీసా మూతికి పెడతారే, అదా?"
"మాట అదే, ఊరు వేరు. ఐర్లండులో."
ఆ ఊరి మేయరు లండను జైల్లో
తిండి ముట్టనన్నాడట.
తనని విచారించే హక్కు
దొరల కోర్టుకి లేదన్నాడట.
"అయితే నోటికి తనే బిరడా ఎట్టీసుకున్నాడన్నమాట"
అంది అసిరమ్మత్త.
ఎవరూ నవ్వలేదు.

"ఎన్నాళ్లయింది?"
"నలభై ఒకటి."
నా ఒళ్లో ఒక పోగు పడేసింది.
"నలభై ఒక్క ముడులెయ్యి గుంటా.
రేపట్నించి రోజుకొకటి."

పంతులు ఇంకా వెనక్కి వెళ్లి చెప్పాడు.
వాళ్ల తాతల కాలంలో
దుంపలు నేలలోనే కుళ్లిపోయాయట.
గడ్డి నమిలి పెదాలు పచ్చబడి చచ్చారట జనం.
ఆ ఏళ్లలోనే వాళ్ల రేవుల్లోంచి
ధాన్యం, వెన్న ఓడలెక్కి పోయాయట.

గోడవారన కునుకుతున్న సూరాలమ్మ కళ్లు తెరిచింది.
"ఇది ఆల కతా, మన కతా?
కరువేడు నాను పన్నెండేళ్ల గుంటని.
మా అయ్య కలింగపట్నం రేవులో బియ్యం మోసినాడు.
బియ్యం మోసి మోసి ఆకలికి సచ్చినాడు బాబూ.
బస్తా కన్నంలోంచి రాలిన గింజలు
ఇసకలో ఏరుకున్నాం.
దానికీ కొట్టినారు."

మూల నుంచి లచ్చన్న దగ్గాడు.
విజయనగరం కంటోన్మెంటులో గుర్రాలు తోమినవాడు.
"పంతులుగారూ, నన్ను బూటుకాలితో తన్నిన సార్జెంటు
ఐరిషోడే.
తాగితే ఆలమ్మ ఊరి పాట పాడి ఏడిసీవోడు,
తెల్లారితే మళ్లీ తన్నీవోడు.
మరి ఆడి సంగతేటి?"

పంతులు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
జవాబు ఆ పేపర్లో లేదు.
ఆ రాత్రి ముడి వెయ్యాలో వద్దో తెలీక
అత్తవైపు చూశాను.
వెయ్యమని గడ్డం ఊపింది.

ఒకరోజు నేనూ తిననన్నాను.
మధ్యాహ్నానికి అంబలి వాసనకి ఓడిపోయాను.
నా పోగు మాత్రం నడుస్తూనే ఉంది,
యాభై, అరవై,
అతని ఎముకలు నా వేళ్లకి తగులుతున్నట్టు.

డెబ్బై నాలుగో ముడి బిగిస్తుంటే
పంతులు వచ్చాడు. కూచోలేదు.
తేదీ రెండుసార్లు చదివి
వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.
"మీరు అరవై తొమ్మిదో ముడి వేసిన రోజునే పోయాడమ్మా."

అంటే మిగతా ఐదూ
బతికే ఉన్నాడనుకుని, చచ్చినవాడికి వేశాను.
లండన్లో శవపేటికకి మేకులు దిగుతుంటే
మా అరుగు మీద అతను
ఇంకా మొండికేసి ఊపిరి పీలుస్తున్నాడు.

తిరిగి దవడ చేతిలోకి తీసుకున్నాను.
ఏ ఏటి అడుగునో ఏనాడో మూసుకోవలసిన నోరు
నా వేళ్ల మధ్య తెరిచే ఉంది.

ముడులున్న నూలు నేతకి పనికిరాదు.
మగ్గం దగ్గర మామ కాదన్నా
అత్త దాన్ని పేకలో కలిపించింది.
పంచె అంచు దగ్గర గరుకు తగిలేది.
బరంపురం సావుకారు బొటనవేలితో రాసి చూసి
"లోపం" అన్నాడు, రెండణాలు తగ్గించాడు.
ఆమె బేరమాడలేదు.
ఇచ్చిన డబ్బులు కొంగున పోసుకుని
ముడి వేసింది.